సి డాలర్ షేర్ ఎట్టకేలకు తెరుచుకుంది

నా సీటు నుంచే పక్క గదిలోని విండోస్ 10 డెస్క్‌టాప్‌లోకి ఫైళ్లు పంపాలనుకున్నా. సి డాలర్ (C$, సి డ్రైవ్ మొత్తాన్నీ నెట్‌వర్క్ మీంచి అడ్మిన్లకు తెరిచే దాగిన షేర్) అని కొడితే పాస్‌వర్డ్ అడుగుతుంది, సరిగ్గా ఇచ్చినా ‘యాక్సెస్ డినైడ్’! పాస్‌వర్డే తప్పేమోనని రెండుసార్లు మార్చాను కూడా.

అక్కడికెళ్లి కమాండ్ ప్రాంప్ట్‌లో షేర్ల జాబితా చూపే ‘నెట్ షేర్’ కొడితే సి డాలర్, అడ్మిన్ డాలర్ (విండోస్ ఫోల్డర్‌కి ఉండే అలాంటి షేరే) రెండూ కనిపించాయి. షేర్ ఉంది, అడ్డు యూఏసీది (యూజర్ అకౌంట్ కంట్రోల్, అడ్మిన్ హక్కుల వాడకాన్ని అదుపు చేసే విండోస్ రక్షణ). లోకల్ అడ్మిన్ ఖాతాతో, అంటే ఆ మెషీన్‌లోనే సృష్టించిన అడ్మిన్ ఖాతాతో, నెట్‌వర్క్ మీంచి వస్తే అది అడ్మిన్ హక్కులు తీసేస్తుంది.

విండోస్ సెట్టింగులు దాచే రిజిస్ట్రీలో హెచ్‌కేఎల్‌ఎం (HKLM, మెషీన్ మొత్తానికి వర్తించే సెట్టింగుల విభాగం) కింద సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్‌వెర్షన్, పాలసీస్, సిస్టమ్ దాకా వెళ్లి ‘లోకల్‌అకౌంట్‌టోకెన్‌ఫిల్టర్‌పాలసీ’ (LocalAccountTokenFilterPolicy) అనే డీవర్డ్ (DWORD, సంఖ్య విలువ ఉండే ఎంట్రీ) పెట్టి విలువ 1 ఇచ్చాను. పేరులో ఖాళీ ఉండకూడదు, నేను మొదట అదే పొరపాటు చేశా. రీస్టార్ట్ చేశాక ఫోల్డర్లన్నీ వచ్చాయి.

ఇలా చేస్తే ఆ రక్షణ తగ్గుతుంది కాబట్టి, అన్ని మెషీన్లకీ ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్ ఉంటే మాత్రం ముందు అది మార్చండి.