సిస్టమ్ రిస్టోర్ ఉంది కదా, వేరే బ్యాకప్ ఎందుకు?

విండోస్‌లో సిస్టమ్ రిస్టోర్ ఉంది, రీసెట్ దిస్ పీసీ ఉంది, ల్యాప్‌టాప్‌తో పాటే వచ్చిన రికవరీ పార్టిషన్ (విండోస్ మరమ్మతు ఫైళ్ల కోసం డిస్క్‌లో విడిగా ఉంచిన భాగం) ఉంది. ఇన్ని ఉండగా పోర్టబుల్ హార్డ్ డిస్క్ కొని మరీ బ్యాకప్ తీయాలా అని చాలామంది అడుగుతారు. తీయాల్సిందే. ఇవన్నీ పాడైన విండోస్‌ను బాగుచేయడానికి పెట్టినవి. మీ పెళ్లి ఫొటోలు, టాలీ లెక్కలు, పేజ్‌మేకర్ ఫైళ్లు కాపాడటం వీటి పని కాదు. పైగా ఇవి ఉండేది కూడా మీ డేటా ఉన్న డిస్క్‌లోనే. ఆ డిస్క్ పోయిన రోజున డేటాతో పాటు ఇవీ పోతాయి.

సిస్టమ్ రిస్టోర్

ఇది 2000లో విండోస్ ఎంఈతో వచ్చింది. రిజిస్ట్రీని (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు), డ్రైవర్లను, సిస్టమ్ ఫైళ్లను, ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రాములను ఒక పాత తేదీకి తీసుకెళ్తుంది. కొత్త ప్రింటర్ డ్రైవర్ వేసిన దగ్గర్నుంచి బ్లూ స్క్రీన్ వస్తుంటే ముందు ప్రయత్నించాల్సింది దీన్నే. నిన్న పొరపాటున డిలీట్ చేసిన ఎక్సెల్ షీట్ కోసమైతే దీన్ని నడపడం దండగ. డాక్యుమెంట్లు, ఫొటోల జోలికి ఇది పోదు. రిస్టోర్ పాయింట్ తర్వాత వేసుకున్న ప్రోగ్రాములు మాత్రం ఎగిరిపోతాయి.

చాలా కంప్యూటర్లలో ఇది ఆఫ్ చేసే ఉంటుంది, అవసరం పడినప్పుడు గానీ ఆ సంగతి బయటపడదు. ఇప్పుడే చూసుకోండి. స్టార్ట్‌లో ‘క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్’ అని టైప్ చేసి ఎంటర్ నొక్కండి. సిస్టమ్ ప్రొటెక్షన్ ట్యాబ్‌లో సి డ్రైవ్ ఎదురుగా ‘ఆఫ్’ అని ఉంటే, దాన్ని ఎంచుకుని కాన్ఫిగర్ నొక్కి, ‘టర్న్ ఆన్ సిస్టమ్ ప్రొటెక్షన్’ పెట్టండి. కింద స్లైడర్‌ను 5 నుంచి 10 శాతం దాకా జరిపితే చాలు. ఆ చోటు నిండగానే పాత పాయింట్లు వాటంతటవే చెరిగిపోతాయి. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్‌కు 2025 జూన్ అప్‌డేట్ వేశాక పాయింట్లు 60 రోజులకు మించి ఉండవు. అంటే పోయిన ఉగాది నాటి స్థితికి వెళ్దామంటే కుదరదు.

రీసెట్ దిస్ పీసీ

ఇది విండోస్‌ను కొత్తగా మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తుంది. ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. ‘కీప్ మై ఫైల్స్’ అని ఉంది కదా, అన్నీ ఉంటాయనుకుని నొక్కేస్తారు. అది ఉంచేది మీ యూజర్ ఫోల్డర్‌లోని డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి వాటిని. మీరు వేసుకున్న ప్రోగ్రాములన్నీ తీసేస్తుంది. వాటితో పాటు లైసెన్సులు, సెట్టింగులు, విండోస్ ఫాంట్ల ఫోల్డర్‌లో మీరు చేర్చిన ఫాంట్లు కూడా పోతాయి. డీటీపీ పని చేసేవాళ్లు ఇది బాగా గుర్తుంచుకోవాలి. అను ఫాంట్లతో చేసిన పేజ్‌మేకర్ ఫైల్ భద్రంగా మిగిలినా, ఆ ఫాంట్ లేకపోతే తెరమీద కనిపించేది తెలుగు కాదు, అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల గుంపు. కాబట్టి ఫాంట్లను, ఇన్‌స్టాలర్లను, లైసెన్స్ నంబర్లను కూడా డేటాగానే లెక్కేసి బ్యాకప్‌లో పెట్టండి.

అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ డేటాదీ ఇదే చిక్కు. అది డాక్యుమెంట్స్‌లో కాకుండా సి డ్రైవ్‌లో ఇంకెక్కడో ఉంటుంది. టాలీప్రైమ్‌లో కంపెనీ ఎంచుకునే చోట కనిపించే డేటా పాత్ కాగితం మీద రాసుకోండి. ఆల్ట్, వై కలిపి నొక్కి, బ్యాకప్ ఎంచుకుని, గమ్యంగా బయటి డిస్క్‌ను చూపండి.

పెద్ద అప్‌డేట్ తర్వాత పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లడానికి కనిపించే ‘గో బ్యాక్’ బటన్ మామూలుగా 10 రోజులే పనిచేస్తుంది. ఈలోగా డిస్క్ క్లీనప్‌లో పాత విండోస్ ఫైళ్లు చెరిపేస్తే ఆ 10 రోజులూ ఉండవు.

డి డ్రైవ్‌లో కాపీ ఉంది కదా?

మన దగ్గర అసెంబుల్ చేయించిన సిస్టమ్ ఏది చూసినా సి, డి, ఈ అని మూడు డ్రైవ్‌లు కనిపిస్తాయి. సి నుంచి డికి కాపీ చేసి బ్యాకప్ అయిపోయిందనుకుంటారు. అవి మూడు డిస్కులో, ఒకే డిస్క్‌లో మూడు ముక్కలో తెలుసుకోవాలంటే స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. సి, డి రెండూ ‘డిస్క్ 0’ అనే ఒకే వరుసలో ఉంటే రెండూ ఒకే డిస్క్. ఫార్మాట్ చేసేటప్పుడు డిలో దాచింది పనికొస్తుంది, నిజమే. కానీ డిస్క్ చెడినా, ల్యాప్‌టాప్ దొంగల పాలైనా రెండూ ఒకేసారి పోతాయి.

రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి, తీయడానికి డబ్బు అడిగే వైరస్) డ్రైవ్ అక్షరాలు చూడదు. 2017 మేలో వచ్చిన వానాక్రై ఫైళ్లకు తాళం వేయడంతో ఆగలేదు, రిస్టోర్ పాయింట్లకు ఆధారమైన షాడో కాపీలను కూడా చెరిపేసింది. అప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఎప్పుడూ తగిలించే ఉంచిన బయటి డిస్క్‌కూ ఇదే గతి. బ్యాకప్ అవగానే డిస్క్ తీసి పక్కన పెట్టమనేది అందుకే.

మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ అయిన వన్‌డ్రైవ్‌తో సింక్ కూడా ఒక్కటే చాలదు. ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది. వ్యక్తిగత ఖాతాలో రీసైకిల్ బిన్ 30 రోజులు ఉంచుతుంది, ఉచితంగా వచ్చే చోటు 5 జీబీ. రెండో కాపీగా మంచిదే, ఉన్నదే అదొక్కటైతే ప్రమాదం.

ఇక చేయాల్సిన పని

కావలసినవి: మీ డేటాకు కనీసం రెండింతలు పట్టే పోర్టబుల్ డిస్క్ (400 జీబీ డేటా ఉంటే 1 టీబీ), 32 జీబీ పెన్‌డ్రైవ్, ఒక కాగితం.

ముందు కాగితం సంగతి. కొత్త ల్యాప్‌టాప్‌లలో మీరు పెట్టకపోయినా డిస్క్ ఎన్‌క్రిప్షన్ (కీ లేనిదే డేటా చదవలేకుండా వేసే తాళం, విండోస్‌లో దీని పేరు బిట్‌లాకర్) ఆన్ అయి ఉండొచ్చు. స్టార్ట్‌లో బిట్‌లాకర్ అని వెతికి చూడండి. ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ రాసి పెట్టుకోండి. మైక్రోసాఫ్ట్ ఖాతాలో సైనిన్ అయితే డివైసెస్ భాగంలోనూ అది కనిపిస్తుంది. విండోస్ బూట్ కానప్పుడు మొదట అడిగేది ఈ కీనే.

తర్వాత పెన్‌డ్రైవ్. స్టార్ట్‌లో ‘రికవరీ డ్రైవ్’ అని వెతికి, సిస్టమ్ ఫైళ్లు కూడా చేర్చమనే టిక్ ఉంచి ముందుకెళ్లండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ఖాళీది వాడండి. ఇందులో మీ ఫైల్ ఒక్కటి కూడా ఉండదు. పడకేసిన కంప్యూటర్‌ను లేపడానికే ఇది.

ఇప్పుడు అసలు బ్యాకప్. బయటి డిస్క్ తగిలించి, కంట్రోల్ ప్యానెల్‌లో ఫైల్ హిస్టరీ తెరిచి ‘టర్న్ ఆన్’ నొక్కండి. డిస్క్ తగిలించి ఉన్నంతసేపు గంటకోసారి మారిన ఫైళ్ల కొత్త కాపీ తీస్తుంది, పాత కాపీలను ఉంచుతుంది. అంటే సోమవారం పాడుచేసిన ఫైల్‌కు శనివారం నాటి రూపం దొరుకుతుంది. ఇది చూసేది డాక్యుమెంట్స్, పిక్చర్స్ వంటి లైబ్రరీలు, డెస్క్‌టాప్ లాంటి కొన్ని చోట్లనే. డి డ్రైవ్‌లోని ఫోల్డర్ కూడా కావాలంటే దాని మీద రైట్ క్లిక్ చేసి, ‘షో మోర్ ఆప్షన్స్’లో ‘ఇన్‌క్లూడ్ ఇన్ లైబ్రరీ’ ద్వారా డాక్యుమెంట్స్‌లో చేర్చండి. ఇది మర్చిపోతే నెలల తరబడి బ్యాకప్ నడిచినా ఆ ఫోల్డర్ అందులో ఉండదు, ఏ హెచ్చరికా రాదు.

ప్రోగ్రాములతో సహా కంప్యూటర్ మొత్తం కావాలంటే సిస్టమ్ ఇమేజ్ తీయాలి. కంట్రోల్ ప్యానెల్‌లో ‘బ్యాకప్ అండ్ రిస్టోర్ (విండోస్ 7)’ తెరిస్తే ఎడమవైపు ‘క్రియేట్ ఎ సిస్టమ్ ఇమేజ్’ ఉంటుంది. డిస్క్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ అయి ఉండాలి. తయారైన ‘విండోస్ ఇమేజ్ బ్యాకప్’ ఫోల్డర్‌ను వేరే ఫోల్డర్‌లోకి జరపకండి, పేరు మార్చకండి. మారిస్తే రిస్టోర్ చేసేటప్పుడు కంప్యూటర్‌కు అది కనిపించదు. డిస్క్‌లో బోలెడు ఖాళీ ఉన్నా షాడో కాపీకి చోటు చాలదని ఆగిపోతే, చాలావరకు లోపం చిన్న రికవరీ పార్టిషన్‌లో ఉంటుంది. 500 ఎంబీకి మించిన పార్టిషన్‌లో 320 ఎంబీ, అంతకన్నా చిన్నదాంట్లో 50 ఎంబీ ఖాళీ ఉండాలి. ఈ సాధనాన్ని మైక్రోసాఫ్ట్ 2017 నుంచి అభివృద్ధి చేయడం లేదు. ఇది మొరాయిస్తే పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయ్యే ఉచిత రెస్క్యూజిల్లా వాడండి. ఏది వాడినా, ఇమేజ్‌ను వెనక్కి వేసేటప్పుడు కొత్త డిస్క్ పాతదానికి సమానంగానో పెద్దదిగానో ఉండాలి.

తీసిన బ్యాకప్ తెరిచి చూడనిదే లెక్కలోకి రాదు. నెలకోసారి ఫైల్ హిస్టరీలో ‘రిస్టోర్ పర్సనల్ ఫైల్స్’ తెరిచి ఒక ఫొటోను, ఒక ఎక్సెల్ షీట్‌ను వేరే ఫోల్డర్‌లోకి తెచ్చి తెరవండి. టాలీ బ్యాకప్‌ను కూడా వేరే ఫోల్డర్‌లోకి రిస్టోర్ చేసి, చివరి వోచర్ తేదీ సరిపోయిందో లేదో చూడండి.

బ్యాకప్ లేకుండానే ఫైల్ పోయిందా? సిస్టమ్ రిస్టోర్, రీసెట్ రెండూ ముట్టుకోవద్దు. అవి డిస్క్ మీద కొత్తగా రాస్తాయి, పోయిన ఫైల్ ఉన్న చోటే చెరిగిపోవచ్చు. రీసైకిల్ బిన్, వన్‌డ్రైవ్ బిన్, ఆ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లోని ‘ప్రీవియస్ వెర్షన్స్’ ట్యాబ్ ఈ వరుసలో చూడండి. అక్కడా లేకపోతే కంప్యూటర్ ఆపేసి, డిస్క్ బయటికి తీసి డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరకు తీసుకెళ్లండి. పాత హార్డ్ డిస్క్ అయితే దొరికే అవకాశం బాగానే ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ అయితే ట్రిమ్ అనే ఏర్పాటు డిలీట్ అయిన చోటును కాసేపటికే ఖాళీ చేసేస్తుంది కాబట్టి ఆశ తక్కువ.