మ్యూజిక్ ఫెస్టివల్ రద్దయితే డబ్బు రాబట్టుకోవడం ఎలా?

నెలల తరబడి ఎదురుచూసిన ఫెస్టివల్ రద్దయిందంటే ప్రాణం ఉసూరుమంటుంది. అయినా ఆ రోజే ఒక పని చేయాలి: ఆధారాలు దాచుకోవాలి. నిర్వాహకుల సైటు ఎప్పుడు మాయమవుతుందో చెప్పలేం. రద్దు ప్రకటన, టికెట్ షరతుల పేజీ, ఆర్డర్ నంబరున్న ఈమెయిల్, కార్డు స్టేట్‌మెంట్‌లో ఆ చెల్లింపు, అన్నీ తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి.

హోటల్ బుకింగ్ కూడా అప్పుడే చూడండి. ఉచిత రద్దు గడువు గంటల్లో ముగిసిపోవచ్చు. విమానం మాత్రం మామూలుగానే ఎగురుతుంది కాబట్టి రీఫండ్ ఇచ్చే బాధ్యత ఎయిర్‌లైన్‌కు ఉండదు, తేదీ మార్చుకోవడానికి వీలుందేమో అడగండి.

ఇప్పుడు ప్రకటనను నిదానంగా చదవండి. రద్దు వేరు, వాయిదా వేరు. వాయిదా వేస్తే చాలాసార్లు పాత టికెట్టే చెల్లుతుందంటారు, డబ్బు కావాలంటే గడువులోగా మనమే అడగాలి. చాలామంది మోసపోయేది 'వచ్చే ఏడాదికి మార్చుకోండి' అనే బటన్ దగ్గర. అది నొక్కితే డబ్బుకు బదులు వోచర్‌కు ఒప్పుకున్నట్టే. ఆ తర్వాత బ్యాంకుకు వెళ్లినా కేసు నిలబడటం కష్టం.

నిర్వాహకులకు ఆర్డర్ నంబరు, రావాల్సిన మొత్తం, రెండు వారాల గడువు రాసి ఈమెయిల్ పంపండి. ఫోన్‌లో ఇచ్చిన మాట రేపు సాక్ష్యానికి పనికిరాదు. గడువు దాటితే కార్డు ఇచ్చిన బ్యాంకులో ఛార్జ్‌బ్యాక్ (కార్డుతో కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమనే ఫిర్యాదు) వేయండి, కారణం 'సేవ అందలేదు'. వీసా కార్డుల నిబంధనల్లో దీనికి ఫెస్టివల్ జరగాల్సిన తేదీ నుంచి 120 రోజులు గడువు, అదీ డబ్బు కట్టిన రోజు నుంచి 540 రోజులు దాటకుండా. ఎర్లీ బర్డ్ టికెట్ (చాలా ముందుగా అమ్మేది) కొన్నవాళ్లు ఈ రెండో లెక్క మరవకూడదు. 'ప్రాసెస్‌లో ఉంది' అనే జవాబులను నమ్ముకుని కూర్చుంటే ఈ గడువే కరిగిపోతుంది.

ఫెస్టివల్ నిర్వహించే కంపెనీ దివాలా తీస్తే ఛార్జ్‌బ్యాక్ విలువ ఇంకా బాగా తెలుస్తుంది. 2017లో బహామాస్‌లో కుప్పకూలిన ఫైర్ (Fyre) అనే మ్యూజిక్ ఫెస్టివల్ వ్యవహారం దివాలా కోర్టుకెక్కింది. అలాంటప్పుడు నేరుగా కంపెనీని అడిగేవాళ్లు అప్పులవాళ్ల వరుసలో నిలబడాలి. ఛార్జ్‌బ్యాక్‌లో అయితే డబ్బు కంపెనీ తరఫు బ్యాంకు నుంచి వస్తుంది.

స్నేహితులందరికీ ఒకరే టికెట్లు కొంటే, ఆ కార్డుదారే ఫిర్యాదు చేయాలి. చేతులు మారిన టికెట్‌కైతే రీఫండ్ సాధారణంగా మొదట కొన్నవాళ్ల కార్డుకే వెళ్తుంది, అమ్మినవాళ్లతో ముందే మాట్లాడుకోండి. ఇక రీఫండ్ ఇస్తామంటూ ఓటీపీ అడిగితే అది మోసమే, డబ్బు వెనక్కి వేయడానికి ఓటీపీ అక్కర్లేదు.