మీకు మీరే గోల్ఫ్ – 9వ పాఠం: వానలో ఆట

పోయిన పాఠంలో గాలిలో ఆడటం నేర్చుకున్నాం. క్లబ్బును రెండు వేళ్ళంత కిందికి పట్టుకుని, ముప్పావు స్వింగ్‌తో (క్లబ్బును పూర్తిగా కాక ముప్పావు వంతే వెనక్కి ఎత్తి కొట్టడం) బంతిని ఎత్తు లేవనీయకుండా కొట్టే సాధన చేసే ఉంటారు. ఆ ముప్పావు స్వింగ్ ఈ పాఠంలోనూ అక్కరకొస్తుంది.

వానలో స్కోరు పాడైందంటే స్వింగ్‌నే తప్పు పడతాం. నేను గమనించినంతవరకు అసలు గొడవ చేతుల్లో ఉంటుంది. వానలో నేను ఆడిన మొదటి పోటీలో మూడు హోల్స్ దాకా బాగానే సాగింది. నాలుగో టీ (హోల్ ఆట మొదలుపెట్టే చోటు) దగ్గర డ్రైవర్ (బాగా దూరం కొట్టే పొడుగు క్లబ్బు) పిడి తడిగా ఉందని తెలిసినా ప్యాంటుకు ఒకసారి రాసి కొట్టేశాను. బంతికి తగిలే క్షణంలో క్లబ్బు అరచేతిలో తిరిగింది. బంతి కుడివైపు చెట్లలోకి పోయింది. ఒక్క షాటు పోతే ఫరవాలేదు. కానీ ఆ తర్వాత ప్రతి షాటుకీ మళ్ళీ జారుతుందేమోనన్న టెన్షన్‌తో పిడిని గట్టిగా బిగించాను. పిడి బిగిస్తే ముంజేతులు, ముంజేతులు బిగిస్తే భుజాలు బిగుసుకుంటాయి. భుజాలు తిరగకపోతే ఇక స్వింగ్ ఎక్కడిది? అందుకే ఈ పాఠంలో అన్నిటికంటే ముందు పట్టుకోవాల్సిన మాట ఒకటే: పిడి పొడిగా ఉండాలి. మిగతావన్నీ దాని తర్వాతే.

బ్యాగు సర్దుకోవడం

టవల్స్ కనీసం మూడు పెట్టుకోండి. ఒకటి బంతికి, క్లబ్బు ముఖానికి. అది ఎలాగూ తడిసి బురదవుతుంది, అవనివ్వండి. రెండోది పిడికి, చేతులకు మాత్రమే. దాన్ని గొడుగు లోపల కమ్మీకి వేలాడదీయండి, బ్యాగుకు బయట కట్టొద్దు. మూడోది ప్లాస్టిక్ సంచిలో మూసి బ్యాగు అడుగున ఉండాలి. సగం ఆట అయ్యాక రెండోది తడిసి బరువెక్కుతుంది, అప్పుడు దాని విలువ తెలుస్తుంది.

గ్లవ్ విషయంలో రెండు దారులున్నాయి. మామూలు తోలు గ్లవ్ తడిస్తే జారుతుంది. అదే వాడాలనుకుంటే మూడు నాలుగు తెచ్చుకుని, గాలి చొరని సంచిలో పెట్టి, మార్చి మార్చి వాడుకోవాలి. రెండో దారి రెయిన్ గ్లవ్స్. ఇవి జతగా, రెండు చేతులకూ వస్తాయి. ఈ బట్ట తడిసినకొద్దీ పట్టు పెరుగుతుంది. చిరుజల్లుకు తోలుది సరిపోతుంది కానీ, గట్టి వానకు నేను రెయిన్ గ్లవ్స్ వైపే మొగ్గుతాను. అయితే పోటీ రోజున మొదటిసారి తొడుక్కోవద్దు. రెండు చేతులకూ గ్లవ్ ఉన్నప్పుడు పిడి లావైనట్టు అనిపిస్తుంది, దానికి ముందే అలవాటు పడాలి.

రెయిన్ జాకెట్ వేసుకుని ఇంట్లోనే పది స్వింగులు చేసి చూడండి. భుజాల దగ్గర లాగినా, చేతులు పైకెత్తినప్పుడు నడుము దగ్గర పైకి జరిగినా అది మీకు పనికిరాదు. తల మీదికి జాకెట్ టోపీ కంటే అంచున్న మామూలు క్యాప్ మేలు. జాకెట్ టోపీ భుజం తిరిగేటప్పుడు చెంపకు రాసుకుంటుంది, మనసు అటు పోతుంది. రెయిన్ ప్యాంటు కాళ్ళు తడవకముందే వేసుకోండి. తడిసిన బట్టల మీద వేస్తే చలి లోపలే ఉండిపోతుంది. ఒక జత పొడి మేజోళ్ళు, స్కోరు కార్డుకు ఒక ప్లాస్టిక్ కవరు, రాయడానికి పెన్సిల్ కూడా పెట్టుకోండి.

నలభై సెకన్ల వరుస

ఇది ఈ పాఠానికి గుండెకాయ. మీ వంతు వచ్చాక 40 సెకన్లలోపు షాటు కొట్టడం మంచిదని నియమాల పుస్తకం చెబుతుంది. వానలో చేయాల్సిన పనులన్నీ ఆ లోపల ఇమడాలంటే చేతులకు ఒక వరుస అలవాటు కావాలి.

బంతి దగ్గరికి రాగానే గొడుగు తెరిచి ఉండగానే దూరం చూసుకోండి, ఏ క్లబ్బో తేల్చుకోండి. క్లబ్బును ఇంకా బయటికి తీయొద్దు. బ్యాగు కవరు కిందే ఉండనివ్వండి. ముందు చేతులు తుడుచుకోండి. తర్వాత క్లబ్బు తీసి, గొడుగు నీడలోనే పిడిని పొడి టవల్‌తో పైనుంచి కిందికి ఒక్కసారి గట్టిగా తుడవండి. ఆ టవల్‌ను పిడి చుట్టూ అలాగే ఉంచి, క్లబ్బును చంకలో పెట్టుకుని బంతి వెనక నిలబడి గురి చూసుకోండి. ఆఖరున టవల్ తీయడం, గొడుగు పక్కన పెట్టడం, రెండడుగులు వేసి నిలబడి కొట్టడం. వాన నీరు పిడిని తాకే సమయం అయిదారు సెకన్లకు మించకూడదు. ప్రాక్టీస్ స్వింగ్ చేయాలనిపిస్తే టవల్ తీయకముందే, క్లబ్బు లేకుండా భుజాలు మాత్రం తిప్పి చూసుకోండి.

షాటు కాగానే గొడుగు కంటే ముందు క్లబ్బు సంగతి చూడండి. ముఖం తుడిచి, బ్యాగులో పెట్టి కవరు మూసేయండి. తర్వాతి షాటుకు పొడి పిడి ఇక్కడే దక్కుతుంది.

క్యాడీ (బ్యాగు మోసే సహాయకుడు) ఉంటే ఈ పని సగం తేలికవుతుంది. కానీ మీరు కొట్టే క్షణంలో ఆయన మీ తల మీద గొడుగు పట్టి ఉండకూడదు, అది నియమాలకు విరుద్ధం, పెనాల్టీ పడుతుంది. మీ గొడుగు మీరే ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో చిన్న పట్ (బంతిని హోల్‌లోకి నెమ్మదిగా దొర్లించే షాటు) కొట్టుకోవచ్చు. నియమం ఒప్పుకుంటుంది. నేను మాత్రం అర అడుగు పట్ అయినా గొడుగు కింద పెట్టి రెండు చేతులతోనే కొట్టమంటాను.

బంతి ఎలా ప్రవర్తిస్తుంది

తడి నేల మీద బంతి పడ్డచోటే ఆగుతుంది. పొడి రోజున దొర్లి సంపాదించే దూరం ఉండదు. వానతోపాటు గాలి చల్లబడితే బంతి ఇంకా తక్కువ పోతుంది. కాబట్టి ఒక క్లబ్బు ఎక్కువ తీసుకోండి, ఏడో ఐరన్ దూరానికి ఆరో ఐరన్ (ఐరన్ క్లబ్బుల్లో అంకె తగ్గేకొద్దీ బంతి ఎక్కువ దూరం పోతుంది). దాన్ని ముప్పావు స్వింగ్‌తో కొట్టండి. కాళ్ళు జారే నేల మీద పూర్తి బలంతో తిరగబోతే ముందు నిలకడ పోతుంది. బూట్ల ముళ్ళలో ఇరుక్కున్న గడ్డీ బురదా టీ పుల్లతో అప్పుడప్పుడూ గీకేయండి.

క్లబ్బు ముఖానికీ బంతికీ మధ్య నీరు చేరితే స్పిన్ తగ్గుతుంది. వెడ్జ్‌తో (దగ్గరి దూరాలకు బంతిని ఎత్తుగా లేపే క్లబ్బు) ఇది బాగా తెలుస్తుంది. గ్రీన్ (హోల్ చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి) మెత్తగా ఉంటుంది కాబట్టి బంతి అయినా ఆగుతుంది గానీ, ఎప్పటిలా వెనక్కి లాగుతుందని ఆశపడొద్దు. నేలను ముందు తాకితే క్లబ్బు బురదలో కూరుకుంటుంది, సగం దూరం కూడా పోదు. బంతిని ఒక అంగుళం వెనక్కి, కుడి పాదం వైపు పెట్టుకుంటే బంతికి ముందు తగులుతుంది (ఎడమచేతి ఆటగాళ్ళు దీన్ని తిప్పి చదువుకోవాలి). తడిసిన రఫ్‌లో (పక్కల పెరిగిన పొడుగు గడ్డి) పొడుగు ఐరన్లు వద్దు. గడ్డి క్లబ్బు మెడకు చుట్టుకుంటుంది. హైబ్రిడ్‌తోనో (పొడుగు ఐరన్‌కు బదులు వాడే, తేలిగ్గా బంతిని లేపే క్లబ్బు), వెడ్జ్‌తోనో ఫెయిర్‌వేకు (టీకీ గ్రీన్‌కీ మధ్య కత్తిరించిన గడ్డి దారి) రావడమే లాభం.

తడి బంకర్‌లో (ఇసుక గుంత) ఇసుక గట్టిపడి ఉంటుంది. వెడ్జ్ ముఖాన్ని మామూలుకన్నా తక్కువ తెరవండి, లేకపోతే అడుగు భాగం ఇసుక మీద తుళ్ళి క్లబ్బు అంచు బంతి మధ్యభాగానికి తగులుతుంది. బంతి వేగంగా బయటికి వస్తుంది కాబట్టి స్వింగ్ చిన్నది చాలు. గ్రీన్ మీద బంతి నెమ్మదిగా పోతుంది, వంపు తక్కువ తీసుకుంటుంది. గట్టిగా, తిన్నగా కొట్టండి.

బంతికి బురద అంటితే? ఫెయిర్‌వేలో దాన్ని తుడవకూడదు. ఎత్తి తుడిచి పెట్టుకోవచ్చని ఆ రోజు స్థానిక నియమం పెట్టి ఉంటే తప్ప. అందుకే ఆట మొదలుకాకముందే నోటీసు చదవండి. బురదతోనే కొట్టాల్సి వస్తే సాధారణంగా బంతి బురద ఉన్న వైపుకు వ్యతిరేకంగా వంగుతుంది. బురద కుడివైపుంటే గురి కాస్త కుడికి పెట్టండి. గ్రీన్ మీద మాత్రం గుర్తు పెట్టి ఎత్తి శుభ్రంగా తుడుచుకోవచ్చు.

నీళ్ళు నిలిచిన చోట మీ హక్కు

నియమాల్లో దీన్ని తాత్కాలిక నీరు అంటారు. మీరు నిలబడకముందు గానీ, నిలబడ్డాక గానీ నేల మీద నీరు నిలిచి కనిపించాలి. కాలితో గట్టిగా తొక్కితే ఊరే నీరు లెక్కలోకి రాదు. ఉత్త చిత్తడి కూడా చాలదు. నీరు బంతికి గానీ, మీ కాళ్ళకు గానీ, స్వింగ్‌కు గానీ అడ్డమైతే పెనాల్టీ లేకుండా రిలీఫ్ (బంతిని అక్కడినుంచి జరుపుకునే హక్కు) ఉంది. ఈ మూడింటికీ అడ్డం లేని, హోల్‌కు దగ్గర కాని అతి సమీప స్థలం చూసి, అక్కడినుంచి ఒక క్లబ్బు పొడవు లోపల మోకాలి ఎత్తునుంచి బంతిని కిందికి వదలండి (డ్రాప్).

గ్రీన్ మీద నీరు పట్ దారిలో అడ్డమున్నా రిలీఫ్ దొరుకుతుంది, అక్కడ డ్రాప్ కాదు, చేత్తో పెట్టాలి. బంకర్‌లో అయితే ఉచిత రిలీఫ్ బంకర్ లోపలే. బయటికి రావాలంటే ఒక పెనాల్టీ స్ట్రోక్ ఇచ్చుకోవాలి. పెనాల్టీ ఏరియాలో (చెరువు, కాలువలాంటివి ఉండే, గుర్తులు పెట్టిన చోటు) ఈ హక్కు లేదు. బంకర్లూ పెనాల్టీ ఏరియాలూ కాని మామూలు నేలలో బంతి తాను పడిన గుంతలోనే దిగబడితే దానికి కూడా ఉచిత రిలీఫ్ ఉంది. చాలామంది తెలియక బురదలోంచే తవ్వి కొడుతుంటారు, పాపం.

మెరుపు కనిపిస్తే

వాన ఒక్కటే ఆట ఆపడానికి కారణం కాదు. మెరుపు కారణం. పిడుగు ప్రమాదం ఉందని మీకు గట్టిగా అనిపిస్తే ఎవరూ చెప్పకపోయినా ఆపే హక్కు నియమాలే ఇస్తున్నాయి. సైరన్ ఒక్కసారి దీర్ఘంగా మోగితే వెంటనే ఆపాలి. ఆఖరి పట్ కూడా కొట్టొద్దు. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు, అంతకన్నా తక్కువ ఉంటే పిడుగు దాదాపు పది కిలోమీటర్ల లోపలే ఉన్నట్టు. గొడుగు మూసి, క్లబ్బులు వదిలి, పక్కా భవనంలోకి గానీ పైకప్పున్న కారులోకి గానీ వెళ్ళండి. చెట్టు కిందకు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగాకే బయటికి రండి. ఈ ఒక్క విషయంలో స్కోరు, బహుమతి, తోటివాళ్ళ తొందర ఏదీ లెక్కలోకి తీసుకోవద్దు.

ఈ వారం సాధన

ఒక బకెట్ నీళ్ళు, రెండు టవల్స్, ఒక క్లబ్బు తీసుకోండి. పిడిని నీళ్ళలో ముంచి తీసి, పైన చెప్పిన వరుసను మొదటినుంచి చివరిదాకా చేయండి. పక్కన ఎవరినైనా సెకన్లు లెక్కపెట్టమనండి. మొదటిరోజు నిమిషం దాటుతుంది. రోజుకు పదిసార్లు చొప్పున చేస్తే వారం తిరిగేసరికి నలభై లోపలికి వస్తారు. ఆఖరి రెండు రోజులు జాకెట్, గ్లవ్స్ వేసుకుని చేయండి. వచ్చే పాఠం ఏటవాలు నేల మీద. దానికి ముప్పావు స్వింగ్ మళ్ళీ కావాలి, సాధన ఆపొద్దు.