కడపకు వచ్చిన చుట్టానికి ఎక్కడ తినమని చెప్పాలి?

కడపకు వస్తున్న చుట్టం ఫోన్ చేసి ‘మీ ఊళ్లో ఎక్కడ తినమంటారు?’ అని అడిగితే, ముందు ఆయన ఏ వేళకు దిగుతున్నాడో కనుక్కోండి. ఇక్కడి తిండి వేళ మీద నడుస్తుంది. ఎర్రకారం పూసిన కారం దోశ పొద్దునపూట తినాలి, అన్నంలో రాగిపిండి కెలికి కట్టిన సంగటి ముద్ద మధ్యాహ్నం తినాలి. ఏడున్నరకు బ్రహ్మాండంగా వచ్చిన దోశ అదే హోటల్లో పదకొండుకు పులిసిపోయి వస్తుంది. పన్నెండున్నరకు ఆవిరి కక్కిన సంగటి మూడింటికి గట్టిపడుతుంది. దానికితోడు వంట మాస్టర్ మారితే బోర్డు పాతదే ఉన్నా రుచి మారిపోతుంది. అందుకే ఇక్కడ హోటళ్ల పేర్లు ఇవ్వడం లేదు. ఏ హోటల్ ముందు నిలబడినా లోపలికి పోవచ్చా లేదా అని తేల్చుకోవడానికి ఏం చూడాలో, కూర్చున్నాక ఏమని చెప్పాలో ఇస్తున్నాం. ఇది తెలిస్తే మీరు ఎవరికైనా ధైర్యంగా చెప్పగలరు.

పొద్దున కారం దోశ

ఏడు రోడ్ల కూడలి, కోటిరెడ్డి సర్కిల్, బస్టాండు చుట్టుపక్కల టిఫిన్ బండ్లకు, చిన్న హోటళ్లకు కొదవ లేదు. ఏ ఒక్కదాన్నో ఎంచుకోండి. కూర్చోకముందు పెనం దగ్గర ఒక దోశ పడేంతసేపు నిలబడి చూడండి.

మంచి మాస్టర్ ఒక వాయి తీయగానే పెనం మీద నీళ్లు చల్లి, చిన్న చీపురుతో ఒక్క ఊపున తుడుస్తాడు. ఇది శుభ్రం కోసమే అనుకుంటాం గానీ ఇందులో రెండు పనులు జరుగుతాయి. ఎక్కువైన వేడి కాస్త తగ్గి పిండి సాఫీగా పరుచుకుంటుంది. ముందు దోశ నుంచి జారిన కారం పెనం మీద మిగలదు. తుడవని పెనం మీద ఆ కారం మాడి, మీ దోశ అడుగున నల్లటి చుక్కలై అంటుకుంటుంది. అందులో తెల్లగడ్డ (వెల్లుల్లి) ఉంటుంది కాబట్టి మాడితే చేదు. దోశ తిరగేసి చూస్తే అడుగు బంగారు రంగులో ఒకేలా ఉండాలి. చుక్కలు కనిపిస్తే ఇంకో హోటల్ చూసుకోండి.

తర్వాత కారం గిన్నె చూడండి. అప్పుడే రుబ్బిన ఎర్రకారం ముద్దగా ఉంటుంది, దగ్గరికి పోతే తెల్లగడ్డ వాసన గుప్పున కొడుతుంది. పైన నీరు తేలి, కింద ముద్ద విడిగా కనిపిస్తే అది నిన్నటిది, లేదా నీళ్లు పోసి పెంచినది. అలాంటి కారం పూస్తే దోశ నడుమ మెత్తబడి, మడిచేటప్పుడు చిరుగుతుంది. కళ్లు చెదిరే ఎరుపు ఉంటే రంగు కలిపారని అనుమానించాలి. నానబెట్టిన వట్టి మిరపకాయల ఎరుపు కాస్త నిదానంగా, నారింజ ఛాయతో ఉంటుంది.

పూసే సమయం కూడా ముఖ్యమే. పిండి పైతడి ఆరాక కారం పూయాలి, దాని మీద పప్పుల పొడి (పుట్నాల పొడి) చల్లాలి, చివర చుట్టూ నూనో నెయ్యో వేయాలి. తడి ఉండగానే పూస్తే కారం పిండిలో కలిసిపోయి పైన పచ్చిపచ్చిగా మిగులుతుంది. పూశాక కనీసం ఒక నిమిషం పెనం మీద ఉండాలి, కారంలోని ఎర్రగడ్డ (ఉల్లిపాయ) పచ్చివాసన పోయేది అప్పుడే. రద్దీ ఎక్కువై తొందరగా తీసేసే చోట ‘అన్నా, కొంచెం రోస్టుగా కానీ’ అని ముందే చెప్పండి.

కారం అలవాటు లేనివాళ్లు చేసే పెద్ద పొరపాటు ఒకటి ఉంది. సాదా దోశ చెప్పి, కారం పక్కన వేయించుకుంటారు. పక్కన వేసిన కారం పెనం వేడి తగలని పచ్చి ముద్ద. మంట ఎక్కువ, రుచి తక్కువ. ‘కారం సగం పూయి, పొడి బాగా చల్లు, నెయ్యి వెయ్యి’ అని చెప్పించండి. పప్పుల పొడి మంటను కమ్మదనంతో కప్పుతుంది, నెయ్యి నిజంగానే తగ్గిస్తుంది. మిరపకాయలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో దాదాపు కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే గ్లాసుల కొద్దీ నీళ్లు తాగినా మంట పోదు. పెరుగో పాలో తీసుకుంటే పోతుంది.

పదకొండు తర్వాత ఎందుకు వద్దంటున్నామంటే, ఎండాకాలం కడపలో నలభై డిగ్రీలు దాటుతుంది. పెనం పక్కన పెట్టిన పిండి గంట గంటకూ పులుస్తూనే ఉంటుంది. అతిగా పులిసిన పిండిలో దోశకు రంగు తెచ్చే తీపి తగ్గిపోతుంది. అప్పుడు దోశ ఎంత కాల్చినా ఎర్రబడదు, పాలిపోయి సాగుతుంది.

చుట్టం ఇంట్లోనే దిగితే మీరే చేసి పెట్టవచ్చు. ఆరు దోశలకు పది బ్యాడిగి మిరపకాయలు రంగుకు, నాలుగైదు గుంటూరు మిరపకాయలు ఘాటుకు తీసుకుని, తొడిమలు తీసి వేణ్నీళ్లలో అరగంట నానబెట్టండి. నీళ్లు వంపేసి, ఒక పెద్ద ఎర్రగడ్డ, ఆరేడు తెల్లగడ్డ రెబ్బలు, ఒక చెంచా ఉప్పు వేసి రుబ్బండి. చుక్క నీళ్లు కూడా పోయొద్దు, ఎర్రగడ్డలోని తడి చాలు. మిక్సీ తిరగకపోతే మిరపకాయలు సరిగా నానలేదని అర్థం, ఇంకో పది నిమిషాలు నానబెట్టండి. నానబెట్టే ఓపిక లేక కారంపొడి కలిపితే పిండి తిన్నట్టు ఉంటుంది, ఆ దారి వద్దు. దోశకు ఒక చెంచా నిండా పడితే సరిపోతుంది. రాత్రే రుబ్బి పెట్టుకోవద్దు, తెల్లారేసరికి ఎర్రగడ్డ వాసన మారుతుంది. పొడికి అరకప్పు వేయించిన పప్పులు, నాలుగు వట్టి మిరపకాయలు, మూడు తెల్లగడ్డ రెబ్బలు, తగినంత ఉప్పు కలిపి పొడి చేయండి. తెల్లగడ్డ చివర్లో వేసి ఒక్కసారి తిప్పితే చాలు, ముందే వేస్తే పొడి ముద్ద కడుతుంది.

మధ్యాహ్నం సంగటి

కడప తిండి ఒక్కటే తినే వీలుంటే దోశ వదిలేసి సంగటి తినమనే చెబుతాం. దోశ ఇప్పుడు హైదరాబాదులోనూ బెంగళూరులోనూ దొరుకుతోంది. వేడి సంగటి, పలచటి పులుసు, అప్పుడే కాచిన నెయ్యి, ఈ మూడూ ఒకే విస్తట్లో సరిగ్గా కుదరడం మాత్రం ఇక్కడే సులభం.

పన్నెండున్నరకు, రెండింటికి మధ్య పోండి. ముద్ద విస్తట్లో పడగానే బొటనవేలు తడి చేసుకుని నొక్కండి. వేలికి పిండి అంటితే ఉడకలేదు. గుంట పడి అంచులు పగిలితే చల్లారిపోయింది. నునుపుగా గుంట పడి, లోపలి నుంచి ఆవిరి వస్తే అదే అసలైన సంగటి. చల్లారేకొద్దీ ఉడికిన పిండి బిగుసుకుపోతుంది, ఎంత మంచి చేయి కెలికినా మూడు గంటలకు అది గట్టి ముద్దే. అందుకే ‘ఇప్పుడు కెలికిందేనా?’ అని అడగడానికి మొహమాటపడొద్దు. కాస్త ఆగితే కొత్త వాయి వస్తుందంటే ఆగండి. తెల్లగా అన్నం మెతుకులు ఎక్కువ కనిపిస్తే రాగిపిండి తక్కువ వేశారు, మరీ నల్లగా గట్టిగా ఉంటే బియ్యం తక్కువ. కొత్తవాళ్ల గొంతు దిగడానికి సగం సగం ఉన్నదే మేలు.

పక్కన ఏం చెప్పాలి అనే దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. చికెన్ ఫ్రై, చిక్కటి మసాలా కూర చెప్పుకుంటారు. సంగటికి తన తడి చాలదు, పులుసు పలచగా ఉంటేనే ముద్ద జారుతుంది. నాటుకోడి పులుసు, పొట్టేలు తలకాయ పులుసు, పలచగా చేసిన బోటి, వీటిలో ఏదైనా సరే. మాంసం తిననివాళ్లకు పుంటికూర (గోంగూర) పప్పు, చెనక్కాయల (వేరుశనగల) ఊరిబిండి అనే పచ్చడి, మీద నెయ్యి. తిరుమల తొలిగడప అని ఇక్కడి దేవుని కడప వెంకన్న గుడిలో దండం పెట్టుకుని కొండకు పోయేవాళ్లు చాలామంది ఆ రోజు మాంసం ముట్టరు, వాళ్లకు ఈ శాకాహార సంగటే చెప్పండి. ఇది ఏ రకంగానూ తక్కువ భోజనం కాదు. ఊరిబిండి మిక్సీలో మెత్తగా తిప్పింది కాకుండా, చెనక్కాయలు పంటి కింద పలుకు తగిలేలా దంచింది అయితే మరీ మంచిది.

తినే తీరు కూడా చెప్పి పంపండి. ముద్ద నెత్తిన గుంట చేసి నెయ్యి పోసుకోవాలి. అంచు నుంచి చిన్న ఉండ తుంచి, పులుసులో బాగా ముంచి, పెద్దగా నమలకుండా మింగాలి. అన్నంలాగా మొత్తం కలిపేస్తే జిగురు అవుతుంది.

ఇక నాటుకోడి. బోర్డు మీద నాటు అని రాసిందంతా నాటు కాదు. బ్రాయిలర్ ఐదారు వారాల్లో కోతకు వస్తుంది, నాటుకోడికి నెలలు పడుతుంది. ధర తేడా అందుకే. గుడ్లు పెట్టడం మానేసిన ఫారం కోడిని నాటు పేరుతో వండే చోట్లూ ఉన్నాయి. అది కూడా గట్టిగానే ఉంటుంది కాబట్టి మోసపోవడం సులభం. నాటుకోడి ఎముక సన్నగా, గట్టిగా ఉంటుంది. కండ ముదురు రంగులో ఉంటుంది. పులుసు మీద కొవ్వు పలచగా తేలుతుంది. ఫారం కోడి పులుసు మీద పసుపుపచ్చ కొవ్వు మందంగా పేరుకుంటుంది. పసుపు రాసి మంట మీద కాల్చిన కోడికి తోలు వాసనే వేరుగా తెలుస్తుంది. ఆదివారం రెండు దాటితే మంచి ముక్కలు మిగలవు, తొందరగా పోండి. నలుగురు పోతే నాలుగు సంగట్లు, రెండు నాటుకోడి పులుసు, ఒక బోటి చెప్పి, చివరికి ఒక్క ప్లేటు అన్నం పెరుగు కోసం తెప్పించుకుంటే సరిగ్గా సరిపోతుంది.

ఇంట్లో కెలకాలంటే ఒక గ్లాసు బియ్యం అరగంట నానబెట్టి, ఐదు గ్లాసుల నీళ్లలో ఉప్పు వేసి మెతుకు నలిగిపోయేదాకా ఉడికించండి. మంట తగ్గించి, ఒక గ్లాసు రాగిపిండి మధ్యలో కుప్పగా పోయండి. కలపొద్దు. సంగటి కట్టెతో కుప్ప మధ్య ఒక బొక్క చేసి మూత పెడితే గంజి ఆ బొక్కలో నుంచి పైకి ఉబుకుతూ పిండిని ఉడికిస్తుంది. పది నిమిషాలు అలాగే వదలండి. తర్వాత పొయ్యి ఆర్పి, గిన్నె కదలకుండా పట్టుకుని గట్టిగా కెలకండి. ఉండలు కట్టాయంటే పిండి ఉడకకముందే కలిపారు. పచ్చివాసన వస్తే పది నిమిషాలు ఆగలేదు. జారుగా అయితే ఇంకో పిడికెడు పిండి వేయాలనిపిస్తుంది గానీ ఆ పిండి పచ్చిగానే మిగిలిపోతుంది. మూత తీసి చిన్న మంట మీద ఐదు నిమిషాలు పెట్టి మళ్లీ కెలకడమే మార్గం. చేయి తడి చేసుకుని వేడి మీదే ముద్దలు కట్టండి.

దారిలో వచ్చేవాళ్లకు, రైలెక్కేవాళ్లకు

కర్నూలు నుంచి 40వ నంబరు జాతీయ రహదారి మీద నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కారులో వచ్చేవాళ్లు పొద్దున కర్నూలులోనే ఉగ్గాణి (తాలింపు వేసిన బొరుగులు), మిరపకాయ బజ్జి తిని బయల్దేరడం మంచిది. బొరుగులు నీళ్లలో ముంచి వెంటనే పిండాలి. ఎక్కువసేపు నానితే ముద్ద అయిపోతుంది. ప్లేటులో బొరుగులు దేనికది విడిగా కనిపించాలి, బజ్జి నూనెలోంచి నేరుగా రావాలి.

రంజాన్ నెలలో కొన్ని హోటళ్లు పగలు మూసి సాయంత్రం తెరుస్తాయి, పగటి భోజనానికి ముందే కనుక్కుని పంపండి. పెద్ద దర్గా ఉరుసు రోజుల్లో ఊరంతా జనమే. ఎక్కడైనా ఒక గంట ముందు పోవాలి.

పార్సిల్ విషయంలో కారం దోశ అసలు కట్టించుకోవద్దు, పావుగంటలో చెమర్చి మెత్తబడుతుంది. చెన్నై, ముంబై వైపు రైలెక్కేవాళ్లకు సంగటి నయం. ముద్దను అరిటాకులో చుట్టించి, పులుసు విడిగా గట్టి మూత ఉన్న డబ్బాలో పోయించుకోవాలి. ఎండాకాలం ఒక గంటలోపు తినేయాలి, అంతకుమించితే మాంసం పులుసు నమ్మకూడదు. ముద్ద గట్టిపడి ఉంటే తుంచి పులుసులో ఐదు నిమిషాలు నానబెడితే మళ్లీ మెత్తబడుతుంది. దూరం పోయేవాళ్లకు పప్పుల పొడి, ఎండు జొన్న రొట్టెలు కట్టించండి. పొడి డబ్బాలో తడి చెంచా పెట్టొద్దని మాత్రం గట్టిగా చెప్పి పంపండి.