తిరుపతిలో సాఫ్ట్‌వేర్ కంపెనీ: ముందు తూకం చీటీ, తర్వాత బోర్డు

"కంపెనీ పెడతా ఉండామక్కా, ఆఫీసు ఎయిర్ బైపాస్ రోడ్డులో చూద్దామా, భవానీనగర్‌లోనా?" అని అడిగేవాళ్లే ఎక్కువ. ఆఫీసు సంగతి తర్వాత నైనా. డబ్బులు కట్టే మనిషి దొరికినాడా?

నాకు దొరికింది దామలచెరువులో మా చిన్నాయన మామిడి మండీ. సీజన్లో లెక్కంతా కార్బన్ పేపరు పుస్తకంలోనే. రెండు వారాలు గుమాస్తా పక్కన కూర్చొని, ఆయన తూకం చీటీ రాసే వరసలోనే ఆ లెక్కకి ఫోన్ యాప్‌లో స్క్రీన్ పెట్టినాను. నెట్ ఉండీ లేనట్టే కాబట్టి లెక్క ఫోన్లోనే తేలాల, సిగ్నల్ దొరికినప్పుడు సర్వర్‌కి పోవాల. చిన్నాయన ఇచ్చిన డబ్బు లెక్కలోకి రాదులే. ముఖపరిచయం లేని ఇంకో మండీ ఆయన కట్టినాకే రిజిస్ట్రేషన్‌కి పోయినాను.

ప్రైవేట్ లిమిటెడ్‌కి ఇద్దరుంటే చాలు. ఆ ఇద్దరే డైరెక్టర్లు, వాటాదారులు కావచ్చు. కనీస పెట్టుబడి నిబంధన 2015లోనే పోయింది. పెట్టడం సులభమే, మొయ్యడమే బరువు. రూపాయి వ్యాపారం లేకపోయినా ఏటా ఏఓసీ-4 (జమాఖర్చుల ఫారం), ఎంజీటీ-7ఏ (చిన్న కంపెనీల వార్షిక రిటర్న్) వెయ్యాల. గడువు దాటితే ఒక్కోదానికి రోజుకి 100 రూపాయలు.

ఇంక మనుషులు. ఐఐటీ పిల్లోళ్లకి బెంగళూరు ఇచ్చే జీతం మనం ఇయ్యలేం, ఆ ఆశ వదిలెయ్యండి. చుట్టుపక్కల కాలేజీల్లో చదివి, ఇంటి దగ్గరే ఉండాలనుకునేవాళ్లని వెతకండి. రెజ్యూమెలో ఉన్న భాషల పేర్లు నేను చదవను. ఒక తూకం చీటీ చేతికిస్తాను: కాయ 6,340 కిలోలు, తరుగు నూటికి 5, టన్ను 14,000, కమీషన్ నూటికి 4, హమాలీ టన్నుకింత. రైతుకి ఎంత చేతికొస్తుందో ప్రోగ్రామ్ రాయమంటాను.

చాలామంది అరగంటలో రాసిచ్చి పోతారు. ఒక అమ్మాయి మాత్రం కీబోర్డ్ ముట్టుకోకుండా అడిగింది: "అక్కా, హమాలీ తరుగు తీసినాక ఉన్న బరువు మీదా, తియ్యకముందా? కమీషన్ 3,372 రూపాయల 88 పైసలు వస్తా ఉంది, ఆ పైసలు ఎవరికి?" చీటీలో ఆ రెండూ నేను కావాలనే రాయలేదు. పైగా లెక్కలో తేడా రాకుండా డబ్బుని దశాంశాల్లో కాకుండా పైసల్లో పూర్ణసంఖ్యగా దాచింది. ఆ రోజే తీసుకున్నాను. పరీక్ష పెద్దదైతే, ఒక రోజు పని చేయించుకుంటే, ఆ రోజు కూలి ఇయ్యండి.

ఒప్పంద కాగితం లేక నేను దెబ్బ తిన్నాను. మొదటి వెర్షన్ ఫ్రీలాన్సర్‌తో రాయించినాను, మాట మీదే. డొమైన్ (వెబ్‌సైట్ పేరు) ఆయన పేరు మీద, కోడ్ ఆయన ఖాతాలో. మధ్యలో మాట చెడింది, రెండూ పోయినాయి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగి డ్యూటీలో రాసింది, వేరే ఒప్పందం లేకపోతే, కంపెనీదే. బయటివాళ్లు రాసిన కోడ్ అట్ల కాదు, సంతకంతో రాసిస్తేనే మనది. ఆ రాతలో కాలం చెప్పకపోతే 5 ఏళ్లకే, ప్రాంతం చెప్పకపోతే ఇండియాకే అని లెక్క. రెండూ రాయించండి.

ఉద్యోగుల ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో దాచుకునే పని మాత్రం చెయ్యొద్దు. పోయేవాడు ఎట్లైనా పోతాడు. నేను ఆఫర్ లెటర్లో ఒకటే అదనంగా రాయిస్తాను: మామిడి సీజన్లో, మే నుంచి జులై దాకా, పెళ్లికి పోయినా ల్యాప్‌టాప్ వెంట ఉండాల.