గుమ్మడి పాన్‌కేక్ మధ్యలో పచ్చిగా ఉండిపోతోందా? నాకు కుదిరిన పద్ధతి

పైన ఎర్రగా కాలుతుంది, తుంచితే లోపల జిగురు. మైదా పెంచినా, సోడా ఎక్కువేసినా, మంట తగ్గించినా లాభంలేదు.

అసలు చిక్కు నీళ్లతోనే. అమెరికా వంటకాల కొలతలు డబ్బాలో వచ్చే గట్టి గుజ్జుకి రాసినవి. తిరుపతి మార్కెట్లో కోసి అమ్మే తీపి గుమ్మడిలో తడి చాలా ఎక్కువ.

అరకిలో ముక్కలను కుక్కర్లో నీళ్లు పోసి కాకుండా ఇడ్లీ పాత్రలో ఆవిరిమీద ఉడికించి మెదపండి. తర్వాత మందపాటి బాండలిలో, సన్నమంట మీద, కలుపుతూ ఇగరబెట్టాలి. నాకు పది పన్నెండు నిమిషాలు పట్టింది. గరిటెతో గీత గీస్తే బాండలి అడుగు కనబడాలి, ఆ గీతలోకి నీరు ఊరకూడదు. పూర్తిగా చల్లారాకే గుడ్డు కలపండి, వేడిమీదైతే అది విరిగిపోతుంది.

కప్పు మైదా, చెంచా బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, అర చెంచా దాల్చినచెక్క పొడి, కొంచెం శొంఠి. ఇందులోకి అరకప్పు గుజ్జు, ఒక గుడ్డు, రెండు పెద్ద చెంచాల బెల్లం పొడి, ముప్పావు కప్పు పాలు. ఉండలున్నా ఫర్వాలేదు, ఎక్కువ కలిపితే సాగుతుంది. పెనం మీద దోసెలా గరిటెతో పరచకుండా పోసి వదిలేయండి. బుడగలు పగిలి గుంటలు పూడకుండా నిలిచాక తిప్పాలి.

బాగా ముదిరిన కాయైతే ఇగరబెట్టే పని సగమే ఉండొచ్చు. గోధుమపిండి వాడితే పాలు ఇంకాస్త పడతాయి.