800, 1500 మీటర్ల రన్నర్: జూనియర్ మీట్ నుంచి చివరి సీజన్ దాకా

మధ్య దూరపు పరుగులో పదిహేడేళ్లకే మెరిసినవాళ్లలో చాలామంది ఇరవై రెండు వచ్చేసరికి ట్రాక్ మీద కనిపించరు. కాళ్లలో వేగం ఉండగానే మానేస్తారు. ఏటా రెండు మూడు నెలలు గాయంతో కూర్చోవడం, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడం, నాలుగోసారికి విసుగెత్తడం. 800, 1500 మీటర్లలో టైమింగ్ తగ్గేది నెలల తరబడి తెగకుండా సాగిన మామూలు వారాల వల్లే. ఒక్క గొప్ప వర్కవుట్‌తో ఎవరూ రన్నర్ కాలేదు గానీ, ఒక్క అతి వర్కవుట్‌తో సీజన్ పోగొట్టుకున్నవాళ్లు బోలెడుమంది.

మీది 800నా, 1500నా?

800 మీటర్లకు కావలసిన శక్తిలో సుమారు మూడింట రెండొంతులు ఆక్సిజన్ వాడుకుని పుట్టేదే. 1500లో అది 80 శాతం దాకా ఉంటుంది. అందుకే ఈ రెంటినీ స్ప్రింట్‌కు పొడిగింపు అనుకుని సాధన చేసేవాళ్లు ఒక స్థాయి దగ్గరే ఆగిపోతారు.

మీరెటు మొగ్గుతారో తెలుసుకోవడానికి ఒక లెక్క ఉంది. మీ 400 మీటర్ల టైమింగ్‌ను రెట్టింపు చేసి 10 నుంచి 14 సెకన్లు కలపండి. 400ను 52 సెకన్లలో పరిగెత్తేవాళ్లు 800ను 1:54 నుంచి 1:58 మధ్యలో ముగించాలి. అంతకన్నా బాగా వెనకబడితే ఓర్పు చాలడం లేదని అర్థం. అలాగే 800 టైమింగ్‌ను రెట్టింపు చేసి 5 నుంచి 10 సెకన్లు కలిపితే 1500 టైమింగ్ దగ్గరకు వస్తుంది. 800లో 2:00 ఉన్నవారికి 1500లో 4:05, 4:10 రావాలి. 4:20 దాటితే వారపు కిలోమీటర్లు తక్కువైనట్టు. 4:00 వస్తుంటే మీరు 1500 మనిషి. వేగం మీద కొంచెం పని చేయాలి. ఈ లెక్క ఏడాదికి రెండుసార్లు వేసుకుంటే చాలు. ఇరవై ఏళ్ల లోపు మాత్రం ఏ ఒక్కదాన్నో ఖాయం చేసుకోకండి, రెండూ పరిగెత్తండి.

ఏ వయసుకు ఎంత

14 నుంచి 17 ఏళ్ల వారికి వారానికి నాలుగైదు రోజులు, 25 నుంచి 40 కిలోమీటర్లు సరిపోతాయి. గట్టి ట్రాక్ వర్కవుట్ ఒక్కటే ఉండాలి. మిగతా సమయం క్రాస్ కంట్రీకి, 400కు, హర్డిల్స్‌కు, జంప్స్‌కు ఇవ్వండి. 18 నుంచి 20కి 50 నుంచి 70 కిలోమీటర్లు. ఆ తర్వాత 800 రన్నర్లు 70 నుంచి 100, 1500 రన్నర్లు 100 నుంచి 140 దాకా వెళ్తారు. ఈ పెంపు ఏడాదికి సగటున 10, 15 కిలోమీటర్లకు మించకూడదు. గుండె, ఊపిరితిత్తులు ఆరు వారాల్లో కొత్త భారానికి అలవాటు పడతాయి. ఎముకలకు, స్నాయువులకు నెలలు పడుతుంది. దమ్ము బాగుందని దూరం పెంచుతాం, కాలి ఎముక అందుకు ఇంకా సిద్ధంగా ఉండదు. ముంగాలి ఎముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే భారం పడి వచ్చే సన్నటి పగులు) వచ్చేది ఈ తేడా వల్లే. మూడు వారాలు పెంచి, నాలుగో వారం 25, 30 శాతం తగ్గించడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ పని చేస్తుంది.

సీజన్, వారం

సీజన్‌ను నాలుగు ముక్కలు చేసుకోండి: 12 నుంచి 16 వారాల బేస్ (పునాది సాధన), 6 నుంచి 8 వారాల ప్రత్యేక సాధన, 8 నుంచి 12 వారాల పోటీలు, చివర్లో రెండు మూడు వారాల పూర్తి విశ్రాంతి. ఆ విశ్రాంతిని ఎగ్గొట్టేవాళ్లకు దాని మూల్యం తర్వాతి బేస్ మధ్యలో తెలిసొస్తుంది.

800లో 2:00, 1500లో 4:05 టైమింగ్ ఉన్న పంతొమ్మిదేళ్ల రన్నర్‌కు బేస్ వారం ఇలా ఉంటుంది. సోమవారం తేలికగా 10 కిలోమీటర్లు, చివర 80 మీటర్ల స్ట్రైడ్స్ (వేగం మెల్లగా పెంచుతూ చేసే చిన్న పరుగులు) ఆరు. మంగళవారం 1000 మీటర్ల పరుగులు ఐదారు, ఒక్కోటి 3:25 నుంచి 3:35 మధ్యలో, నడుమ 60 సెకన్ల జాగింగ్. బుధవారం తేలికగా 8 కిలోమీటర్లు, జిమ్. గురువారం వాలు రోడ్డు మీద పైకి 60 సెకన్ల పరుగులు ఎనిమిది, దిగేటప్పుడు నడక. శుక్రవారం సెలవు. శనివారం ట్రాక్ మీద 300లు ఎనిమిది, ఒక్కోటి 49 సెకన్లలో, అంటే సరిగ్గా 1500 పేస్‌లో (రేస్‌లో పరిగెత్తే వేగంలో), నడుమ రెండు నిమిషాలు. ఆదివారం 14 నుంచి 16 కిలోమీటర్ల లాంగ్ రన్.

తేలిక పరుగు నిజంగా తేలికగా ఉండాలి. ఈ స్థాయి వారికి కిలోమీటరుకు 4:40 నుంచి 5:10. పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడలేకపోతున్నారంటే వేగం ఎక్కువైనట్టే. గుంపుగా పరిగెత్తేటప్పుడు ఎవరో ఒకరు అరడుగు ముందుంటారు, మిగతావాళ్లు అందుకుంటారు, తేలిక పరుగు కాస్తా పోటీ అవుతుంది. దాని దెబ్బ మరునాటి వర్కవుట్ మీద పడుతుంది.

జిమ్‌లో భారీ కార్యక్రమం అక్కర్లేదు. స్క్వాట్స్, ఒంటికాలి డెడ్‌లిఫ్ట్, స్టెప్‌అప్స్, ఒక్కో కాలికి 15 చొప్పున మూడు సెట్ల కాఫ్ రెయిజెస్ (మడమలు పైకెత్తి దించడం), కొన్ని గెంతులు. కాఫ్ రెయిజెస్‌ను మాత్రం ఏ వారమూ వదలొద్దు. స్పైక్స్ (ముళ్ల బూట్లు) వేసుకునే కాలంలో పిక్కనూ అకిలిస్ స్నాయువునూ కాపాడేవి అవే.

పోటీల ముందు ఆరు నుంచి ఎనిమిది వారాల్లో వర్కవుట్లు రేస్ పేస్ చుట్టూ తిరుగుతాయి. 2:00 లక్ష్యమైతే 200కు 30, 300కు 45, 400కు 60 సెకన్లు. 800 వారికి నాలుగు 200ల సెట్లు రెండు; ఒక్కో 200కు నడుమ 60 నుంచి 90 సెకన్లు, సెట్ల నడుమ 6 నుంచి 8 నిమిషాలు. మరో రోజు మూడు 300ల సెట్లు రెండు. నడుమ 3 నిమిషాలు, సెట్ల నడుమ 8 నుంచి 10. 1500 వారికి పది 400లు 3000 మీటర్ల పేస్‌లో, 60 నుంచి 75 సెకన్ల విరామంతో. అసలు రేస్‌కు పది రోజుల ముందు ఒక 600ను రేస్ పేస్‌లో పరిగెత్తి, పది నిమిషాలు ఆగి, మూడు 200లు ఇంకొంచెం వేగంగా ముగించండి. ఆ తర్వాత కిలోమీటర్లను మూడో వంతు నుంచి సగం దాకా తగ్గించండి. వేగాన్ని తగ్గించొద్దు. చివరి వారం పూర్తిగా తేలికగా గడిపినవాళ్లు రేస్ రోజున కాళ్లు బరువెక్కాయని అంటుంటారు.

వర్కవుట్ ఎక్కడ చెడుతుంది

ఎక్కువసార్లు చెడేది మొదటి రెండు పరుగుల్లోనే. 30 సెకన్లని రాసి ఉంటే 28తో మొదలుపెడతారు, ఆరోదానికి 32కు జారుతారు. సగటు 30 వచ్చిందని సరిపెట్టుకుంటారు కానీ, శరీరం నేర్చుకోవలసిన పేస్ ఏ ఒక్క పరుగులోనూ రాలేదు. చివరి పరుగు మొదటిదానితో సమానంగానో, ఒక మెట్టు వేగంగానో ఉండాలి. వరుసగా రెండు 200లు ఒక్కో సెకను జారితే అక్కడితో ఆపి జాగింగ్ చేసి ఇంటికెళ్లండి. ఆపడం చేతకాని రన్నర్‌కు కోచ్ అవసరం; ఆపనివ్వని కోచ్ ఉంటే కోచ్‌నే మార్చాలి.

నిద్రలేచాక గుండె వేగం మామూలు కన్నా నిమిషానికి ఏడెనిమిది ఎక్కువగా మూడు రోజులు కొనసాగితే, తేలిక పరుగే కష్టమనిపిస్తే, గట్టి వర్కవుట్‌ను వెనక్కి జరపండి. ఎముక మీద వేలితో నొక్కితే ఒకే చోట నొప్పి, రాత్రిపూట సలుపు ఉంటే పరుగు ఆపి స్కాన్ చేయించుకోవాలి. రెండు వారాల్లో తెలిసిపోయే సమస్యను సాగదీస్తే మూడు నెలలవుతుంది.

రేస్ రోజు

వార్మప్ 50 నిమిషాల ముందు మొదలవ్వాలి. 12 నుంచి 15 నిమిషాల జాగింగ్, కాళ్లు చేతులు ఊపే డ్రిల్స్, నాలుగు స్ట్రైడ్స్, చివరగా రేస్ పేస్‌లో ఒక 150 లేదా 200. ఆ చివరి పరుగు ఉంటే రేస్ మొదట్లోనే ఆక్సిజన్ వాడకం త్వరగా అందుకుంటుంది. పెద్ద మీట్లలో కాల్ రూమ్‌లో పావుగంటకు పైగా కూర్చోబెడతారు, దాన్ని లెక్కలో వేసుకోండి. ఈ దూరాలకు "ఆన్ యువర్ మార్క్స్" తర్వాత నేరుగా తుపాకీ మోగుతుంది, "సెట్" ఉండదు. చేతులు నేలను తాకకూడదు.

800లో మొదటి మలుపు దాటేదాకా మీ లేన్‌లోనే ఉండాలి. అక్కడ గీసి ఉండే బ్రేక్ లైన్ దాటగానే లోపలికి అడ్డంగా దూకడం కొత్తవాళ్లు చేసే పొరపాటు. ఎదుటి మలుపు మొదలయ్యే చోటును చూసుకుంటూ ఏటవాలుగా వెళ్తే అదనపు దూరం దాదాపు ఉండదు, ఎవరి కాళ్లకూ అడ్డం పడరు.

లేన్ వెడల్పు 1.22 మీటర్లు. ఒక ల్యాప్ మొత్తం రెండో లేన్‌లో పరిగెత్తితే 7.6 మీటర్లు ఎక్కువ. 2:00 పేస్‌లో అది సెకను పైమాటే. అందుకని మలుపుల్లో లోపల, స్ట్రెయిట్‌లో దాటడం సూత్రం. కానీ పూర్తిగా లోపలి గీత మీద ఉంటే చుట్టూ మూసుకుపోతుంది. రెండో లేదా మూడో స్థానంలో, ముందున్నవాడి కుడి భుజం వెనక ఉండటం ఎక్కువమందికి నప్పుతుంది. ముందువాడికి మరీ అంటుకోకండి. 1996 అట్లాంటా ఒలింపిక్స్ 1500 ఫైనల్లో మొరాకో రన్నర్ హిషామ్ ఎల్ గెరూజ్ చివరి ల్యాప్ గంట మోగే సమయానికి ముందున్న నూరుద్దీన్ మోర్సెలీ కాలు తగిలి పడిపోయాడు. ఆ ఎల్ గెరూజే 1998లో రోమ్‌లో 3:26.00తో ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. అంటే ఈ ప్రమాదానికి అనుభవం, స్థాయి అడ్డు రావు. ముందున్నవాడి నడుమును చూస్తూ ఒక మీటరు ఎడం ఉంచండి.

పేస్ విషయంలో 800, 1500 వేరు. 800లో మొదటి ల్యాప్ రెండోదాని కన్నా 1.5 నుంచి 3 సెకన్లు వేగంగా ఉండటం మామూలే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కెన్యా రన్నర్ డేవిడ్ రుడిషా మొదటి నుంచీ ముందుండి, 49.28, 51.63 ల్యాప్‌లతో 1:40.91 సాధించాడు. తేడా నాలుగైదు సెకన్లయితే మాత్రం అది ధైర్యం కాదు, లెక్క తప్పడం. 1500లో సమానమైన ల్యాప్‌లు, చివరి 300లో మార్పు. చివరి 150లో భుజాలు పైకి లేస్తాయి, దవడ బిగుస్తుంది, అడుగు పొడుగు చేయాలనిపిస్తుంది. చేయాల్సింది దానికి విరుద్ధం: చేతులు చురుగ్గా, అడుగు కురచగా.

స్పైక్స్ గురించి క్లుప్తంగా. సింథటిక్ ట్రాక్ మీద ముల్లు 9 మిల్లీమీటర్లు దాటకూడదు, 2024 నవంబర్ నుంచి ట్రాక్ పోటీలన్నిటికీ బూటు అడుగుభాగం మందం 20 మిల్లీమీటర్లకు మించకూడదు. కొత్త జతను మొదటి రెండు వారాలు వర్కవుట్ చివరి రెండు మూడు పరుగులకే వాడండి.

రక్తం, తిండి, మందులు

ఫలితాలు కారణం లేకుండా పడిపోతుంటే ముందుగా ఫెర్రిటిన్ (శరీరంలోని ఐరన్ నిల్వను తెలిపే) రక్త పరీక్ష చేయించుకోండి. మిల్లీలీటరుకు 30 నానోగ్రాముల కన్నా దిగితే డాక్టర్‌తో మాట్లాడాలి. ఐరన్ మాత్రను టీ, కాఫీలతో కలపొద్దు, విటమిన్ సి ఉన్నదానితో తీసుకోండి. పరీక్ష లేకుండా మాత్రం వేసుకోకండి; ఐరన్ ఎక్కువైనా హానే. మహిళా రన్నర్లకు నెలసరి మూడు నెలలు ఆగితే "పరుగెత్తేవాళ్లకు మామూలే" అనే మాట వినొద్దు. తినేది చాలడం లేదని శరీరం చెబుతోంది, తర్వాత దెబ్బతినేది ఎముకలే.

డోపింగ్ నిబంధనల్లో శరీరంలో దొరికినదానికి బాధ్యత పూర్తిగా అథ్లెట్‌దే, ఎవరిచ్చారన్నది తర్వాతి మాట. తెలియక దొరికిపోయే దారులు రెండు మూడున్నాయి. జలుబు మందుల్లోని సూడోఎఫిడ్రిన్‌ మూత్రంలో పరిమితి దాటితే పోటీ సమయంలో నిషిద్ధం. నీరసంగా ఉందని సెలైన్ ఎక్కించుకోవడం ఇంకా ప్రమాదం: ఆసుపత్రి చికిత్స, శస్త్రచికిత్స, వైద్య పరీక్షల సందర్భాల్లో తప్ప 12 గంటల్లో 100 మిల్లీలీటర్లు మించి నరం ద్వారా ఎక్కించుకోవడాన్ని ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధించింది. అవసరమైన చికిత్సకు ముందే టీయూఈ (చికిత్స కోసం నిషిద్ధ మందు వాడుకునే మినహాయింపు) అనుమతి తీసుకోండి. రిజిస్టర్డ్ టెస్టింగ్ పూల్‌లో (ముందు చెప్పకుండా పరీక్షించే అథ్లెట్ల జాబితాలో) చేరాక రోజుకు ఒక గంట ఎక్కడ దొరుకుతారో చెప్పాలి; 12 నెలల్లో మూడుసార్లు తప్పితే అదే ఉల్లంఘన. ఫోన్‌లో ప్రతి ఆదివారం ఒక అలారం పెట్టుకుని వారం వివరాలు సరిచూసుకోవడం మేలు.

పాతికేళ్ల తర్వాత

పెద్ద పోటీల్లో నాలుగైదు రోజుల్లో మూడు రేస్‌లు పడతాయి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 800, 1500లకు హీట్స్‌లో (తొలి రౌండ్‌లో) వెనకబడినవారికి మరో అవకాశంగా రెపషాజ్ రౌండ్ కూడా పెట్టారు. ఒక్క రేస్‌కు తయారైన కాళ్లు ఫైనల్‌కు మిగలవు. అందుకే సీజన్లో రెండుసార్లయినా శనివారం 1500, ఆదివారం 800 పరిగెత్తి చూసుకోండి.

కెన్యా రన్నర్ ఫెయిత్ కిప్యెగాన్ 2016 ఒలింపిక్స్‌లో 1500 స్వర్ణం గెలిచి, 2018లో తల్లయ్యాక తిరిగి వచ్చి టోక్యో, పారిస్‌లలో కూడా అదే స్వర్ణం గెలిచింది. న్యూజిలాండ్ రన్నర్ నిక్ విల్లిస్ వరుసగా 20 ఏళ్లపాటు, 2022 దాకా, ఏటా మైలును నాలుగు నిమిషాల లోపు పరిగెత్తాడు. ప్రసవం తర్వాత డాక్టర్ అనుమతితో నడక, పొత్తికడుపు, కటి కండరాల వ్యాయామంతో మొదలుపెట్టి, నెలల వ్యవధిలో మెల్లగా పరుగుకు రావాలి; గాయం తర్వాత కూడా మునుపటి వారపు దూరంలో సగంతో మొదలుపెట్టి, స్పైక్స్‌ను ఆఖరున వేసుకోవాలి.

ముప్పై దాటాక 200, 400 వేగం ముందుగా తగ్గుతుంది, ఓర్పు నిలబడుతుంది. 1500 నుంచి 5000కు జరగడానికి అదే సమయం. ఎల్ గెరూజ్ 2004 ఏథెన్స్‌లో రెండు స్వర్ణాలూ గెలిచాడు, బెర్నార్డ్ లగాట్ 2007 ఒసాకా ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో అదే జోడీ సాధించాడు. జరగాలనుకుంటే ఒక బేస్ మొత్తం వారానికి 15, 20 కిలోమీటర్లు అదనంగా వేసుకోండి, వారానికొకసారి 200ల వర్కవుట్‌ను వదలకండి. పేస్‌మేకర్‌గా పనిచేయడం మరో దారి: అడిగిన ల్యాప్‌ను అర సెకను తేడాలో ఇవ్వగలిగితే, 800లో 400 నుంచి 500 మీటర్ల దాకా, 1500లో 800 నుంచి 1000 దాకా నడిపించి తప్పుకునే పనికి నిర్వాహకులు డబ్బిస్తారు. దానికి కావలసిన సాధన మీ 200ల వర్కవుట్లలో ఏళ్లుగా చేస్తున్నదే. గడియారం చూడకుండా 30ని 30గా పరిగెత్తడం.